పలాసకు ఇంకో షెడ్డు వద్దు, జీడిపిక్క కొనే పెట్టుబడి కావాలి: క్లస్టర్ పథకాల అధికారులకు బహిరంగ లేఖ

రాష్ట్ర పరిశ్రమల, ఆహారశుద్ధి, ఉద్యాన, కార్మిక శాఖల అధికారులకు, క్లస్టర్లకు నిధులు మంజూరు చేసే కేంద్ర అధికారులకు, రుణాలిచ్చే బ్యాంకుల వారికి,

నమస్కారం.

ఈ లేఖలోని సంగతులు మీకు కొత్తవి కావు. వినతిపత్రాల్లో రాశాం, సమావేశాల్లో చెప్పాం. రసీదు ముద్ర పడింది, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

పలాస-కాశీబుగ్గలో జీడి పరిశ్రమను ఏ పథకమూ పుట్టించలేదు. చుట్టూ ఉద్దానం తోటలున్నాయి. హౌరా-చెన్నై రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి ఊరిని ఆనుకునే పోతాయి. పిక్కలు కొనేవారు, ఉడకబెట్టేవారు, కోసేవారు, పొట్టు తీసేవారు, గ్రేడు చేసేవారు, డబ్బాలు చేసేవారు, కటింగ్ మెషీన్ బ్లేడు పాడైతే గంటలో బాగుచేసే మెకానిక్కులు, అందరూ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే దొరుకుతారు. క్లస్టర్ అంటే ఇదే. దాన్ని మీరు కొత్తగా కట్టనక్కరలేదు. అందులో ఎక్కడ డబ్బు ఆగిపోతోందో, ఎక్కడ కారిపోతోందో చూసి అక్కడ చెయ్యి వేస్తే చాలు.

పథకాలు చాలానే ఉన్నాయి. సంప్రదాయ పరిశ్రమల క్లస్టర్లకు కేంద్రం ఇచ్చే స్ఫూర్తి పథకం కింద 500 మంది వరకు పనివారున్న క్లస్టర్‌కు రూ.2.5 కోట్ల దాకా, అంతకు మించితే రూ.5 కోట్ల దాకా ఇస్తామన్నారు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల క్లస్టర్ అభివృద్ధి కార్యక్రమం 2022 మార్గదర్శకాల ప్రకారం ఉమ్మడి సదుపాయ కేంద్రం ఖర్చు రూ.5 కోట్ల నుంచి 10 కోట్ల మధ్య ఉంటే 70 శాతం, 10 నుంచి 30 కోట్ల మధ్య ఉంటే 60 శాతం గ్రాంటు వస్తుంది. 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈలో (సూక్ష్మ ఆహారశుద్ధి యూనిట్ల కేంద్ర పథకం) విడి యూనిట్‌కు 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షలు, ఉమ్మడి సదుపాయాలకు 35 శాతం, గరిష్ఠంగా రూ.3 కోట్లు. ఈ డబ్బులో పెద్ద భాగం భవనానికీ యంత్రాలకే వెళుతుంది. పలాసలో కొరత యంత్రాలకు కాదు. ఉన్న యంత్రాలే ఏడాదిలో చాలా నెలలు పిక్కలు లేక ఆగి ఉంటున్నాయి. ఇక్కడి రైతుకు, చిన్న యూనిట్‌కు, పొట్టు తీసే మహిళకు నష్టం ఎక్కడ జరుగుతోందో కింద వరసగా రాస్తున్నాం. ప్రతి అంశం చివర ఏం కావాలో కూడా చెప్పాం.

1. పిక్క కొనే పెట్టుబడి

రోజుకు 12 బస్తాలు ఆడే చిన్న యూనిట్‌ను తీసుకోండి. బస్తా 80 కిలోలు. ఏడాదికి 250 రోజులు నడవాలంటే 3,000 బస్తాలు, అంటే 240 టన్నుల పిక్కలు కావాలి. లెక్క కోసం కిలో రూ.130 అనుకుందాం. బస్తా రూ.10,400. మొత్తం రూ.3.12 కోట్లు. మన పంట మార్చి నుంచి మే వరకే వస్తుంది. అవసరంలో సగం స్థానికంగా కొన్నా ఆ రెండు మూడు నెలల్లో రూ.1.56 కోట్లు చేతిలో ఉండాలి.

బ్యాంకు ఇచ్చేదెంత? చిన్న పరిశ్రమలకు అంచనా టర్నోవరులో 20 శాతం వర్కింగ్ క్యాపిటల్‌గా (వ్యాపారం నడిపే పెట్టుబడిగా) ఇచ్చే పద్ధతి ఉంది. బస్తాకు 20 కిలోల పప్పు చొప్పున 60 టన్నులు, సగటున కిలో రూ.650 చొప్పున టర్నోవరు రూ.3.9 కోట్లు. అందులో 20 శాతమంటే రూ.78 లక్షలు. సరుకు మూడు నెలలకోసారి తిరిగి డబ్బుగా మారుతుందన్న ఊహ మీద నిలిచిన సూత్రమిది. ఒక్క సీజనులో కొని ఆరేడు నెలలు నిల్వ చేసుకుంటూ ఆడే పంటకు అది సరిపడదు. తాకట్టు పెట్టే ఆస్తి లేని యూనిట్‌కు ఆ 78 లక్షలు కూడా పూర్తిగా రావు.

దీని ఫలితం మూడు వైపులా పడుతుంది. యూనిట్ దగ్గర డబ్బు లేక పంట సమయంలో కొనేవారు తగ్గుతారు, కల్లంలో రైతు ధర పడిపోతుంది. నాలుగు నెలలు తిరిగేసరికి అదే యూనిట్ ఐవరీ కోస్ట్, టాంజానియా పిక్కలను దిగుమతి వ్యాపారి దగ్గర అతను చెప్పిన ధరకు కొనాలి, లేదా అతని సరుకును కూలికి ఆడిపెట్టాలి. లాభం అతనికి, కరెంటు బిల్లూ బాయిలర్ ఖర్చూ ఇక్కడివారికి. పిక్కలు దొరకని నెలల్లో కటింగ్, పీలింగ్ చేసే మహిళలకు పనే ఉండదు.

ముడి పిక్కల దిగుమతి సుంకాన్ని 2018 బడ్జెట్‌లో 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించారు. మంచిదే. కానీ 20 అడుగుల కంటైనర్‌లో సుమారు 200 బస్తాలు పడతాయి. ఒక్కో చిన్న యూనిట్ విడిగా ఆఫ్రికా రేవులో నాణ్యత చూసి, లెటర్ ఆఫ్ క్రెడిట్ (బ్యాంకు చెల్లింపు హామీ) తెరిచి, కంటైనర్ తెప్పించుకోవడం కుదిరే పని కాదు. ఈ చిక్కు చూసే కేరళ ప్రభుత్వం 2017లో కేరళ కాజూ బోర్డును పెట్టి, ముడి పిక్కలను నేరుగా కొనే ఏర్పాటు చేసింది. 

కావలసింది: (అ) భవనం కోసం కాకుండా పిక్కల కొనుగోలు కోసం రివాల్వింగ్ ఫండు (వాడుకుని తిరిగి కట్టే నిధి). ప్రతి మార్చి మొదటి వారానికల్లా అది అందుబాటులో ఉండాలి. (ఆ) పిక్కలు నిల్వ చేసిన గోదాం రసీదు మీద, వేరే ఆస్తి తాకట్టు అడగకుండా రుణం. (ఇ) జీడికి టర్నోవరు సూత్రం కాకుండా సీజనల్ పరిమితి: మార్చి-జూన్ మధ్య ఎక్కువ, తర్వాత నెలనెలా తగ్గేలా. (ఈ) పది, ఇరవై యూనిట్లు కలిసి ఒక కంటైనర్ తెప్పించుకునే ఉమ్మడి కొనుగోలు విభాగం.

2. తూకం, తేమ, అవుట్‌టర్న్

జీడిపిక్కలకు కనీస మద్దతు ధర లేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో జీడి లేదు. ధర మొత్తం కొనేవారి కంటిచూపు మీద, గుప్పెట్లో ఆడించి చూసే శబ్దం మీద నడుస్తోంది. తేమ ఉందని బస్తాకు ఇన్ని కిలోలు తరుగు తీస్తారు. ఎంత తేమకు ఎంత తరుగో ఎక్కడా రాసి ఉండదు.

లెక్క చాలా సులువు. నిల్వకు సరిపడే తేమను 8 శాతంగా పెట్టుకుందాం. 10 శాతం తేమ ఉన్న 80 కిలోల్లో పొడి సరుకు 72 కిలోలు. అది 8 శాతానికి ఎండితే 78.26 కిలోలు అవుతుంది. అంటే న్యాయమైన తరుగు 1.74 కిలోలు. 12 శాతం తేమ ఉంటే పొడి సరుకు 70.4 కిలోలు, ఎండాక 76.52 కిలోలు, తరుగు 3.48 కిలోలు. అంతకు మించి తీసేదంతా రైతు నష్టమే. ఈ రెండు అంకెలను పెద్ద అక్షరాలతో ప్రతి కొనుగోలు కేంద్రంలో రాసి పెట్టడానికి ఏ గ్రాంటూ అక్కరలేదు.

పిక్కలో పప్పెంత అన్నది అసలు విషయం. దీన్నే అవుట్‌టర్న్ అంటారు. కోత పరీక్ష ఇలా చేస్తారు: లాటులోని వేర్వేరు బస్తాల పైన, మధ్య, అడుగు నుంచి నమూనా తీసి కలుపుతారు. కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసుకుంటూ కిలోకు తెస్తారు. పిక్కలు లెక్కపెట్టి, ఒక్కోటి కోసి, మూడు రకాలుగా వేరు చేస్తారు. మంచివి ఒక రకం, మచ్చలున్నవి లేదా పూర్తిగా ఎదగనివి రెండో రకం, బూజు పట్టినవి, పురుగు తిన్నవి, తాలువి మూడో రకం. మంచి పప్పు బరువుకు రెండో రకం బరువులో సగం కలపాలి. వచ్చిన గ్రాములను 0.176తో గుణిస్తే 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పో తెలుస్తుంది. 272 గ్రాములు వస్తే 48 పౌండ్లు, 250 గ్రాములు వస్తే 44 పౌండ్లు. ఇది లోపొట్టుతో కలిపిన బరువు. ప్రపంచమంతా జీడిపిక్కల బేరం ఈ సంఖ్య మీదే జరుగుతుంది.

ఈ రెండు లాట్ల మధ్య తేడా కిలోకు 22 గ్రాములు. బస్తాకు 1.76 కిలోల పప్పు. పొట్టు పోగా చూసినా వెయ్యి రూపాయల పైమాటే. ఉద్దానం రైతు బాగా ఎండబెట్టి, ఏరి తెచ్చిన సరుకుకూ, చెట్టుకింద తడిసి నల్లబడ్డ సరుకుకూ ఒకే ధర కట్టినంతకాలం నాణ్యత మీద శ్రద్ధ పెట్టమని రైతుకు చెప్పలేం.

దీనికి కావలసిన సామాను: తేమ మీటరు, గ్రాముల తూకం, పిక్కలు కోసే కత్తెర, బస్తాలో గుచ్చి నమూనా తీసే గొట్టం. ఒక షెడ్డు ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. తేమ మీటరు నెలల తరబడి వాడితే తప్పు చూపుతుంది కాబట్టి, సీజను మొదట్లోనూ మధ్యలోనూ 105 డిగ్రీల ఓవెన్ పరీక్షతో సరిచూడాలి. పరీక్ష చేసే మనిషి కొనేవారి జీతం మీద బతికేవారు కాకూడదు.

ఎండబెట్టే చోటు మాటేమిటి? పిక్కలను 5 సెంటీమీటర్ల మందాన పరచి, రోజుకు నాలుగైదుసార్లు తిరగతిప్పితే రెండు మూడు రోజుల ఎండ చాలు. ఆ మందాన టన్నుకు 35 నుంచి 40 చదరపు మీటర్ల సిమెంటు నేల పడుతుంది. పది టన్నులకు సుమారు పది సెంట్లు. పంట రోజుల్లో వేసవి వానలు పడతాయి గనుక అంతమేర టార్పాలిన్ కూడా ఉండాలి. ఇది లేకనే చిన్న రైతు తడి పిక్కలను ఆ రోజే అమ్మేస్తున్నాడు. 10 శాతం దాటిన తేమతో గోనెల్లో కట్టిన పిక్కకు బూజు పడుతుంది, పప్పు రంగు మారుతుంది. ఆ నష్టం యూనిట్‌దీ.

కావలసింది: కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పంచాయతీ స్థలాల్లో ఎండబెట్టే కల్లాలు, ప్రతి కల్లం దగ్గర తేమ, కోత పరీక్ష, ఆ రసీదులోని అవుట్‌టర్న్ మీదే ధర, తరుగు పట్టికను ఉత్తర్వుగా ప్రకటించడం.

3. తొక్క

80 కిలోల పిక్కలో పప్పు పోగా 50 కిలోలకు పైగా తొక్కే. అందులో ఘాటైన నూనె ఉంటుంది. బ్రేకు లైనింగులకు, రంగులకు, రెజిన్లకు పనికొచ్చే ముడిసరుకది. తొక్కను అలాగే బాయిలర్‌లో కాలిస్తే కళ్లు, గొంతు మండించే పొగ వస్తుంది. బాయిలర్ గొట్టాలకు జిగురు మసి పట్టి వేడి సరిగా అందదు, ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. పొగ పీల్చేది పక్క వీధుల వాళ్లు.

ఒక చిన్న యూనిట్‌లో రోజుకు ఆరేడు వందల కిలోల తొక్క వస్తుంది. విడిగా నూనె తీసే యంత్రం పెట్టుకోవడానికి అది చాలదు. నలభై యూనిట్లది కలిపితే రోజుకు 25 టన్నులు. ఎక్స్‌పెల్లర్‌లో 15 శాతం నూనె వచ్చినా దాదాపు 4 టన్నులు. ఉమ్మడి సదుపాయ కేంద్రం అనే మాటకు పలాసలో నిజంగా అర్థమున్న చోటు ఇదొక్కటే. ఒకరే చేసుకోలేనిది, అందరికీ అవసరమైనది, ఎవరి వ్యాపారంతోనూ పోటీ పడనిది. నూనె తీసిన పిండిని మళ్లీ బాయిలర్లకే ఇంధనంగా ఇవ్వొచ్చు, పొగ చాలా తగ్గుతుంది. ఆ పిండిని వేడిగా కుప్ప పోస్తే లోపల రాజుకుని అంటుకునే ప్రమాదముంది కాబట్టి చల్లారబెట్టే స్థలాన్ని, నిప్పునార్పే ఏర్పాట్లను మొదటి డిజైనులోనే పెట్టాలి.

ఇక్కడే ఒక మాట. ప్రతి డీపీఆర్‌లోనూ (సమగ్ర ప్రాజెక్టు నివేదికలోనూ) జీడిమామిడి పండ్ల రసం ముందు వరుసలో కనిపిస్తుంది. పండు చెట్టు నుంచి రాలాక ఒక్క రోజు నిలవదు, సీజను రెండు మూడు నెలలు, వగరు తీయడానికి మళ్లీ వేరే ప్రక్రియ. అది అసాధ్యమని అనడం లేదు. తోట పక్కనే, మహిళా సంఘాల చేత, చిన్న స్థాయిలో మొదలుపెట్టాల్సిన పని అది. కోట్ల రూపాయల ప్లాంటును దాని మీద నిలబెడితే తొమ్మిది నెలలు తాళం పడుతుంది.

4. పనిచేసే చేతులు

ఆవిరిలో ఉడికించిన పిక్కను రాత్రంతా ఆరనివ్వాలి. ఆరకుండా కోస్తే పప్పు విరుగుతుంది. కోశాక డ్రయర్‌లో ఆరేడు గంటలు వేడి పెట్టాలి. తక్కువైతే లోపొట్టు ఊడదు, ఎక్కువైతే పప్పు పెళుసెక్కి బద్దలవుతుంది. 240 గ్రేడు గుండు (విరగని) పప్పు అంటే పౌండుకు 220 నుంచి 240 గింజలు, 320 అంటే 300 నుంచి 320. గుండుకూ ముక్కకూ మధ్య ధర తేడా భారీగా ఉంటుంది. ఆ గుండు గుండుగా మిగలడం పీలింగ్, గ్రేడింగ్ చేసే మహిళల వేళ్ల నైపుణ్యం. కూలి మాత్రం కిలోల లెక్కన. ముందు దశలో డ్రయర్ తప్పుగా నడిచి పప్పు విరిగినా కోత పడేది వాళ్ల కూలికే.

కటింగ్‌లో తొక్క నూనె తగిలి చర్మం కాలుతుంది, నల్లబడి ఊడుతుంది. చేతి తొడుగులు ఇస్తే పని నెమ్మదిస్తుంది, కూలి తగ్గుతుంది, అందుకే తీసేస్తారు. కాబట్టి తొడుగులు పంచి ఫొటో తీసుకుంటే సమస్య తీరదు. తొడుగులతో సాధ్యమయ్యే వేగాన్ని కొలిచి, దాని మీద పీసు రేటు కట్టాలి. పది మంది లేదా అంతకు మించి ఉంటే ఈఎస్‌ఐ, ఇరవై మంది లేదా అంతకు మించి ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి. కాగితం మీద ఒక యూనిట్ మూడు పేర్లుగా చీలితే రెండూ పోతాయి.

ఇది ఉద్దానం. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభించాల్సి వచ్చిన ప్రాంతం. ఇక్కడి కిడ్నీ జబ్బు కారణాలపై పరిశోధన ఇంకా సాగుతోంది. అది తేలేదాకా బాయిలర్, డ్రయర్ వేడిలో పనిచేసేవారికి శుద్ధమైన తాగునీరు, నీడలో విరామం ఇవ్వడానికి ఎవరి నివేదిక కోసమూ ఎదురుచూడనక్కరలేదు.

కావలసింది: క్లస్టర్ గ్రాంటు తీసుకునే ప్రతి యూనిట్‌కు నాలుగు షరతులు. పేరుపేరునా ఈఎస్‌ఐ, పీఎఫ్, గోడ మీద పీసు రేట్లు, పొగ, ధూళి బయటికి లాగే ఫ్యాన్లు, తాగునీరు. ఆటోమేటిక్ మెషీన్లకు సబ్సిడీ ఇచ్చేటప్పుడు, వాటివల్ల పని పోయే మహిళలకు మెషీన్ నడపడంలో, గ్రేడింగ్‌లో శిక్షణ ఖర్చును అదే మంజూరు పత్రంలో చేర్చాలి.

5. ఉమ్మడి కేంద్రం ఎందుకు మూతపడుతుంది

గ్రాంటుతో కట్టిన కేంద్రాలు చాలాచోట్ల ఆగిపోయే తీరు ఒకటే. డీపీఆర్‌లో ఏడాదికి 300 రోజులు, 80 శాతం సామర్థ్యం అని రాస్తారు. పంట మూడు నెలలదని అందులో ఉండదు. యంత్రం ఆగి ఉన్నా ఒప్పంద లోడు మీద కరెంటు ఫిక్స్‌డ్ చార్జీలు నెలనెలా పడతాయి. ఆపరేటర్ జీతం, విడిభాగాలు, బీమా గ్రాంటులో ఉండవు, వాడుక రుసుము వాటికి చాలదు. సంస్థలో నలుగురైదుగురు పెద్ద సభ్యులు వాటా డబ్బు కట్టి, తమ సరుకుకే ముందు వరుస ఇచ్చుకుంటారు. చిన్నవారు రెండుసార్లు వచ్చి, మూడోసారి రావడం మానేస్తారు.

కావలసింది: 40 శాతం వాడకంతోనే ఖర్చులు గట్టెక్కేలా డిజైను, మొదటి మూడేళ్లకు ఆపరేటర్ జీతం, మరమ్మతు ఖర్చు గ్రాంటులోనే, చివరి విడత డబ్బు భవనం పూర్తయినప్పుడు కాకుండా, ఎందరు చిన్న యూనిట్లవారు ఎన్ని టన్నులు వాడుకున్నారో చూసి విడుదల, పాలకవర్గంలో రైతులకు, మహిళా కార్మికులకు ఓటుతో కూడిన స్థానాలు, డీపీఆర్ తెలుగు ప్రతిని మంజూరుకు నెల ముందే పంచాయతీ, మున్సిపల్ కార్యాలయాల్లో పెట్టడం.

6. అమ్మిన సరుకు డబ్బు

2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం కొన్నవారు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) లేని యూనిట్‌కు ఆ చట్టం ఆసరా దొరకడం కష్టం. నమోదు ఉన్నవారు కూడా మళ్లీ ఆర్డరు రాదేమోనని ఫిర్యాదు చేయరు. నమోదు శిబిరాలు, ఫిర్యాదుదారు తరఫున కేసు నడిపే ఒక అధికారి, ఈ రెండూ జిల్లా స్థాయిలో కావాలి.

7. తోటలు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్నే తాకింది. జీడి, కొబ్బరి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. కొత్తగా నాటిన అంటుమొక్క మూడో ఏడు నుంచి కాపు మొదలుపెట్టినా, చెప్పుకోదగ్గ దిగుబడికి ఐదారేళ్లు పడుతుంది. ఎప్పుడో విత్తనంతో వేసిన ముదురు తోటలు ఇంకా చాలానే ఉన్నాయి. బాపట్ల పరిశోధన స్థానం ఇచ్చిన బీపీపీ-8 లాంటి రకాల అంటుమొక్కలు, ఏడున్నర మీటర్ల ఎడంతో ఎకరాకు 70 చొప్పున, జూన్-జులైలో మొదటి వానలకే చేతికి అందాలి. ఆగస్టు దాటాక వచ్చే మొక్క వేసవి నాటికి వేరు నిలదొక్కుకోదు. కాపు వచ్చేదాకా అంతరపంటకు పెట్టుబడి సాయం కూడా ఉండాలి. క్లస్టర్ నిధుల్లో తోటకు పైసా లేకపోతే పిక్క కోసం ఎప్పటికీ ఓడల వైపే చూడాలి.

వచ్చే పంట మార్చిలో మొదలవుతుంది. ఈ ఏడింటిలో దేనికీ కొత్త చట్టం అక్కరలేదు. తరుగు పట్టిక, పరీక్ష కేంద్రాలు, సీజనల్ రుణ పరిమితి, ఈ మూడింటిని పంటకు ముందే అమలు చేయవచ్చు. తొక్క నూనె కేంద్రానికి స్థలం చూడటం, తెలుగులో డీపీఆర్ తయారుచేయడం ఈ ఆర్థిక సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు. జనవరి నెలాఖరులోగా అంశాల వారీగా రాతపూర్వకంగా జవాబివ్వండి. ఏది కుదురుతుందో, ఏ శాఖ, ఏ తేదీకి చేస్తుందో రాయండి. కుదరనిదేదైనా ఉంటే దాని కారణం కూడా రాయండి. ఫిబ్రవరిలో పలాసలో రైతులు, యూనిట్లవారు, కార్మికులు, బ్యాంకులు ఒకే చోట కూర్చునే సమావేశం పిలవండి. లెక్కలు, నమూనాలు, కోత పరీక్ష సామాను మేం తెస్తాం.

ఇట్లు,
ఉద్దానం జీడి రైతులు, పలాస-కాశీబుగ్గ చిన్న యూనిట్ల నిర్వాహకులు, జీడి కార్మికులు